ఆ నాలుగు పేజీల లేఖ పంపకండి

మీరు నాకు పంపిన ప్రశ్న చదివాను. మూడేళ్లుగా హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తున్నారు. మంచి ఆఫర్ వచ్చింది. కొత్తవాళ్లు 45 రోజుల్లో చేరమంటున్నారు, మానేముందు మీరు ఇవ్వాల్సిన నోటీసేమో 90 రోజులు. మీటింగుల్లో అందరి ముందూ అరిచిన మేనేజర్ మీద, అమ్మగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా లీవ్ ఇవ్వని సంగతి మీద రాత్రంతా కూర్చుని నాలుగు పేజీల రాజీనామా లేఖ రాశారు. పొద్దున పంపేముందు ఒకసారి నన్ను అడుగుదామని ఆగారు. ఆగి చాలా మంచి పని చేశారు.

నేను ఇరవై ఏళ్లకు పైగా హెచ్‌ఆర్‌లో, అంటే ఉద్యోగుల వ్యవహారాలు చూసే విభాగంలో ఉన్నాను. మొదట పాశమైలారం వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో, ఆ తర్వాత మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో. వందల రాజీనామా లేఖలు నా చేతుల మీదుగా వెళ్లాయి. కోపంతో రాసిన లేఖ వల్ల మేనేజర్‌కి ఏదైనా జరగడం నేను ఒక్కసారీ చూడలేదు. రాసినవాళ్లకి జరగడం మాత్రం చాలాసార్లు చూశాను.

మీరు ఆ లేఖ మేనేజర్ చదవాలని రాశారు. ఆయన దాన్ని రెండు నిమిషాలు చూసి హెచ్‌ఆర్‌కి ఫార్వర్డ్ చేస్తారు. అక్కడి నుంచి అది మీ ఫైల్లోకి పోతుంది. నాలుగేళ్ల తర్వాత మీరు ఇంకో కంపెనీకి మారుతుంటే మీ పాత ఉద్యోగ వివరాలు సరిచూసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్లు అడుగుతారు. అప్పుడు ఆ ఫైల్ తెరిచేది మిమ్మల్ని ఎప్పుడూ చూడని మనిషి. మీ మేనేజర్ అప్పటికి అక్కడ ఉండకపోవచ్చు, మీ టీమే ఉండకపోవచ్చు. ఆ మనిషికి మీ గురించి తెలిసేదల్లా ఆ కాగితం. అందుకే రాజీనామా లేఖ ఎవరు అడిగినా నేను ఒకటే చెబుతాను, ఆ తెలియని మనిషి కోసం రాయండి అని.

ఒకసారి ఒక టెస్టింగ్ ఇంజనీరు మళ్లీ మా దగ్గరికే రావడానికి అప్లై చేశాడు. పని బాగా చేసేవాడని టీమ్‌లో మిగిలినవాళ్లందరూ చెప్పారు. ఫైల్ తీస్తే మూడు పేజీల లేఖ. అందులో ఉన్నవి చాలావరకు నిజాలేనని నాకు తెలుసు. ఆ లేఖ అందిన రోజే ఎవరో 'మళ్లీ తీసుకోవచ్చా' అన్న గడిలో 'వద్దు' అని పెట్టేశారు. దాన్ని మార్పించడానికి నేను రెండు నెలలు తిరిగాను. కుదరలేదు. అప్పటి బాధ నాకింకా గుర్తుంది, అందుకే ఇంత పట్టుగా చెబుతున్నాను.

ఇక లేఖ సంగతి. అర పేజీ చాలు. మీరు ఎవరు, ఏ ఉద్యోగం వదులుతున్నారు, ఏ రోజు నోటీసు ఇస్తున్నారు, ఆఖరి పని దినం ఏది, పని ఎలా అప్పగిస్తారు, ఒక్క వాక్యంలో కృతజ్ఞత. కంపెనీకి పంపేది ఇంగ్లీషులోనే కాబట్టి ఇదే వరుసలో, ఇంతే పొట్టి వాక్యాల్లో ఇంగ్లీషులో రాసుకోండి. మీరు 2026 జనవరి 5, సోమవారం ఇస్తున్నారని అనుకుని తెలుగులో రాస్తున్నాను:

"గౌరవనీయులైన (మేనేజర్ పేరు) గారికి,

(కంపెనీ పేరు)లో సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. నా ఉద్యోగి నంబరు (...). ఈ లేఖను 2026 జనవరి 5 నుంచి నోటీసుగా స్వీకరించగలరు.

నా నియామక పత్రం ప్రకారం 90 రోజుల నోటీసు 2026 ఏప్రిల్ 4తో ముగుస్తుంది. అయితే 2026 ఫిబ్రవరి 18ని నా ఆఖరి పని దినంగా అనుమతించవలసిందిగా కోరుతున్నాను. మిగిలిన 45 రోజులకు నియామక పత్రంలోని నిబంధన ప్రకారం సర్దుబాటు చేసుకోవడానికి సిద్ధంగా ఉన్నాను.

నా దగ్గరున్న పనుల జాబితాను ఈ వారంలోనే ఇస్తాను. మీరు సూచించినవారికి ఫిబ్రవరి 13 లోపు పని పూర్తిగా అప్పగిస్తాను.

ఈ మూడేళ్లలో ఇక్కడ నేర్చుకున్నదానికి కృతజ్ఞతలు. రాజీనామాను ఆమోదించి, ఆఖరి పని దినాన్ని మెయిల్ ద్వారా ధృవీకరించగలరు."

కింద పేరు, తేదీ, సొంత మెయిల్, ఫోన్ నంబరు. అంతే.

దీంట్లో కారణం లేదని మీరు గమనించే ఉంటారు. రాయనక్కర్లేదు. కంపెనీ పోర్టల్లో కారణం ఎంచుకోమంటే 'మెరుగైన అవకాశం' అన్నది ఎంచుకోండి, అది నిజమే కదా. కొత్త కంపెనీ పేరు, జీతం మాత్రం లేఖలోనూ వద్దు, నోటితోనూ వద్దు. లేని అనారోగ్యాన్నీ, లేని పెళ్లినీ కారణంగా రాయకండి. 'ఉన్నత చదువుల కోసం' అని రాసి నెల తిరక్కుండా ఎదురు బిల్డింగ్‌లో చేరినవాళ్లను చూశాను. పీఎఫ్ రికార్డులో అదంతా కనబడుతుంది.

తేదీల దగ్గర కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే గొడవలన్నీ అక్కడే వస్తాయి. '90 రోజుల నోటీసు ఇస్తున్నాను' అని రాసి వదిలేస్తే, లేఖ ఇచ్చిన రోజును లెక్కలో కలపాలా వద్దా అన్నదానితోనే ఆఖరి రోజు మారిపోతుంది. పైన నేను జనవరి 5ని కలిపి లెక్కపెట్టాను, ఏప్రిల్ 4 వచ్చింది. కలపకపోతే 5. మేనేజర్ ఆమోదించిన రోజు నుంచి లెక్కపెట్టే కంపెనీలు కూడా ఉన్నాయి, అక్కడ ఆయన వారం నానబెడితే మీ నోటీసు వారం పెరుగుతుంది. తేదీని అంకెల్లో రాసేస్తే, ఒప్పుకోకపోతే వాళ్లే బదులు రాయాలి. ఇంటర్నెట్‌లో దొరికే నమూనాలను కూడా ఇక్కడే జాగ్రత్తగా చూసుకోవాలి. వాటిలో చాలావరకు అమెరికావి. అక్కడ రెండు వారాలు ముందు చెప్పడం ఆనవాయితీ. ఆ 'రెండు వారాలు' అన్న వాక్యం అలాగే ఉంచేసి గచ్చిబౌలిలో పంపినవాళ్లున్నారు. మీ లెక్కకు ఆధారం మీ అపాయింట్‌మెంట్ లెటరే, అంటే నియామక పత్రమే. ఈ రాత్రి ఆ నాలుగు పేజీలు పక్కన పెట్టి దాన్ని తీసి చదవండి.

అందులో ముందు చూడాల్సింది నోటీసు తగ్గితే ఎంత కట్టాలి అన్నది. 'బేసిక్' (మూల వేతనం) మీద లెక్క అని ఉందా, 'గ్రాస్' (భత్యాలన్నీ కలిపిన జీతం) మీద అని ఉందా? నెలకు బేసిక్ 30,000, గ్రాస్ 75,000 అనుకుంటే 45 రోజులకు ఒక లెక్కలో 45,000, ఇంకో లెక్కలో 1,12,500. తేడా అంత ఉంటుంది. కొత్త కంపెనీ 'బై అవుట్', అంటే ఈ నోటీసు సొమ్ము తామే ఇస్తామని ఫోన్లో చెబితే చాలదు, ఆఫర్ లెటర్లోనో మెయిల్లోనో రావాలి. ఆ డబ్బు మీద మీకు పన్ను పడుతుందని కూడా గుర్తుంచుకోండి. పాత కంపెనీ ఈ నోటీసు సొమ్ము మీద 18 శాతం జీఎస్టీ కలిపి అడిగితే ఒప్పుకోకండి. అలాంటి వసూలు మీద జీఎస్టీ వర్తించదని 2022 ఆగస్టులో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చింది.

'నోటీసు తగ్గించడం మేనేజర్ ఇష్టం' అని రాసి ఉంటే, డబ్బు కడతానన్నా ఆయన కాదనవచ్చు. మా దగ్గర చాలామంది అక్కడే భయపడి ఏమీ చెప్పకుండా మానేశారు. ఒకటి తెలుసుకోండి. మనిషిని బలవంతంగా వచ్చి పనిచేయమని మన దేశంలో ఏ కోర్టూ ఆదేశించదు, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలోనే ఆ సంగతి ఉంది. కంపెనీ చేయగలిగేది డబ్బు అడగడం, రిలీవింగ్ లెటర్ (మిమ్మల్ని ఉద్యోగం నుంచి విడుదల చేశామన్న పత్రం) ఆలస్యం చేయడం. ఆ రెండోదే మనకి నిజంగా ఇబ్బంది. కాబట్టి పోట్లాట కన్నా బేరం మేలు. 45 కాకపోతే 60 అడగండి, మిగిలిపోయిన లీవులు నోటీసులో సర్దుతారా అడగండి. అటువైపు కొత్త కంపెనీని కూడా రెండు వారాలు పొడిగించమని అడగండి. అడిగితే చాలామంది ఇస్తారు.

బాండ్ ఉందేమో చూడండి. పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు ఉద్యోగం మానేశాక చెల్లదు, 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ దాన్ని అడ్డుకుంటుంది. కానీ 'మూడేళ్లు చేయకపోతే ఇంత కట్టాలి' అన్న బాండ్ వేరు. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు అలాంటి 2 లక్షల బాండ్‌ను సమర్థించింది. బాండ్లన్నీ ఉత్త కాగితాలే అని స్నేహితులు చెబితే నమ్మేయకండి. జాయినింగ్ బోనస్ తిరిగి కట్టాల్సిన గడువు, వేరియబుల్ పే (పనితీరును బట్టి ఇచ్చే సొమ్ము) పడే తేదీ కూడా అప్పుడే చూసుకోండి. బోనస్ పడే రోజుకి నోటీసులో ఉన్నవాళ్లకు ఇవ్వబోమని చాలా పాలసీల్లో ఉంటుంది. పది రోజులు ఆగి పేపర్లు వేస్తే (రాజీనామా ఇస్తే) చేతికొచ్చే డబ్బును తొందరపడి పోగొట్టుకున్నవాళ్లు ప్రతి ఏడాదీ కనిపిస్తారు.

ఎక్కువ ఏళ్లు పనిచేసినవాళ్లకు వెళ్లేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ మీకు వర్తించదు, మూడేళ్లే కాబట్టి. కానీ ఇది చదివే వాళ్లలో నాలుగున్నర ఏళ్లు దాటినవారు ఉంటే ఆఖరి పని దినం రాసేముందు క్యాలెండర్ చూడండి. మామూలుగా ఐదేళ్లు నిండాలి. నాలుగేళ్ల 240 రోజులకే వస్తుందన్న వాదన కొన్ని కోర్టుల్లో నెగ్గింది, కంపెనీలు మాత్రం గొడవ లేకుండా ఇవ్వవు. ఐదేళ్లు దాటే తేదీ వేసుకోవడమే సుఖం. గ్రాట్యుటీ లెక్కకు వచ్చే ఆఖరి నెల జీతం 40,000 ఉండి, ఆరేళ్ల ఏడు నెలలు చేస్తే దాన్ని ఏడేళ్లుగా తీసుకుంటారు. 40,000ని 15తో గుణించి 26తో భాగించి మళ్లీ ఏడుతో గుణిస్తే 1,61,538 రూపాయలు వస్తుంది.

పంపేముందు మేనేజర్‌కు నోటితో చెప్పండి. మెయిల్ చూసి తెలుసుకోవడం ఎవరికైనా అవమానంగానే ఉంటుంది, ఆయన మీతో ఎలా ఉన్నా సరే. పది నిమిషాలు అడగండి. "సర్, నేను రాజీనామా చేయాలని నిర్ణయించుకున్నాను. ఈరోజు మెయిల్ పంపుతాను. ఫిబ్రవరి 18న రిలీవ్ చేయగలరా?" అంతవరకే. ఎందుకు, ఎక్కడికి, ఎంతకి అని అడుగుతారు. "మంచి అవకాశం వచ్చింది సర్" అని ఆపేయండి. జీతం పెంచుతామంటే "ఆలోచిస్తాను" అనకండి, నిర్ణయం అయిపోయిందని చెప్పండి. 'ఆలోచిస్తాను' అన్నమాట పట్టుకుని మూడు వారాలు లాగుతారు, ఆ మూడు వారాలూ నోటీసులో లెక్కకు రావు. మాట్లాడిన గంటలోపే మెయిల్ పంపండి, హెచ్‌ఆర్‌ని కాపీలో పెట్టండి. పోర్టల్లో కూడా అదే రోజు నమోదు చేసి స్క్రీన్‌షాట్ తీసుకోండి. పోర్టల్ తనంతట తానే ఏప్రిల్ తేదీ చూపిస్తే, కోరుకునే తేదీ గడిలో మీ తేదీ వేయండి. లేఖ కాపీ ఒకటి మీ సొంత మెయిల్‌కి పంపుకోండి. ఆఫీసు ఫైళ్లు, కోడ్ మాత్రం ఒక్కటి కూడా పంపుకోవద్దు. నోటీసులో ఉన్నవాళ్ల లాప్‌టాప్‌ల మీద కన్ను ఎక్కువగా ఉంటుంది.

వాట్సాప్‌లో రాజీనామా వద్దు. చెప్పకుండా మానేయడం అసలే వద్దు. 'అబ్‌స్కాండింగ్' అన్న ముద్ర ఒకసారి రికార్డులో పడితే తీయించడం నాలాంటివాళ్ల వల్ల కూడా కాదు.

పంపాక మనసు మారితే? భవిష్యత్తు తేదీ వేసి ఇచ్చిన రాజీనామాను ఆ తేదీ వచ్చేలోపు వెనక్కి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1978లో చెప్పింది. అది అలహాబాద్ హైకోర్టు న్యాయమూర్తి ఒకరి కేసు. 1977 మే 7న లేఖ రాసి ఆగస్టు 1 నుంచి తప్పుకుంటానన్నారు, జులైలో వెనక్కి తీసుకున్నారు. ప్రైవేటు కంపెనీలో ఆమోదం మెయిల్ వచ్చేశాక మాత్రం అది వాళ్ల ఇష్టం మీద నడిచే వ్యవహారం అనుకోండి. కొత్త ఆఫర్ లెటర్ చేతిలో పడకముందు పేపర్లు వేయకండి.

నేను ఇంతవరకు చెప్పిన పద్ధతి సొంత ఇష్టంతో మానేసేవాళ్లకి. 'నువ్వు రాజీనామా ఇవ్వు, లేకపోతే తీసేస్తాం' అని గదిలో కూర్చోబెట్టి అడిగితే ఈ నమూనా వాడకండి. 'వ్యక్తిగత కారణాల వల్ల' అని వాళ్లు చెప్పినట్టు రాసిస్తే, తర్వాత లేబర్ ఆఫీసుకు వెళ్లినా మీ చేతిరాతే మీకు అడ్డం వస్తుంది. ఆ రోజు సంతకం చేయకండి, ఆలోచించుకోవడానికి టైమ్ కావాలని చెప్పి బయటికి రండి. 'ఈరోజు ఫలానా టైమ్‌కి నన్ను రాజీనామా చేయమని అడిగారు, నాకు ఆ ఉద్దేశం లేదు' అని హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి. భయంతో సంతకం చేసేసినా మర్నాడే ఆ సంగతి మెయిల్లో రాయండి. ఆలస్యమైతే బలం తగ్గుతుంది.

అలాగే లైంగిక వేధింపుల విషయం ఉంటే దానికి వేరే దారి ఉంది. 2013 చట్టం కింద అంతర్గత కమిటీకి ఫిర్యాదు రాయాలి. జరిగిన రోజు నుంచి మూడు నెలల గడువు, తగిన కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. ఆ విషయాన్ని రాజీనామా లేఖలో ఒక పేరాగా రాస్తే అది ఫిర్యాదూ కాదు, సరైన రాజీనామా లేఖా కాదు. రెండూ విడివిడిగా రాయండి.

మీ నాలుగు పేజీల్లో ఉన్నది అరుపులు, లీవ్ ఇవ్వకపోవడం. అవి చిన్న విషయాలని నేను అనడం లేదు. వాటికి చోటు ఎగ్జిట్ ఇంటర్వ్యూ, వెళ్లిపోయేముందు హెచ్‌ఆర్ వాళ్లు మీతో మాట్లాడే సమావేశం. అక్కడ కూడా 'ఆయన మంచివాడు కాదు' అంటే ఎవరూ ఏమీ చేయలేరు. 'ఫలానా తేదీన అమ్మ ఐసీయూలో ఉన్నప్పుడు రెండు రోజుల లీవ్ అడిగాను, ఇవ్వలేదు, మెయిల్ ఉంది' అంటే హెచ్‌ఆర్‌లో కూర్చున్న మనిషి రాసుకుని తీరాలి. ఒకే మేనేజర్ మీద ముగ్గురు అలా తేదీలతో చెప్పినప్పుడు ఆయన కింద నుంచి టీమ్ తీసేయడం నేను చూశాను. నాలుగు పేజీల్లోంచి అలాంటివి రెండో మూడో ఏరి పెట్టుకోండి, మిగతాది ఇంట్లో ఉంచుకోండి.

ఆఖరి రోజు లాప్‌టాప్, ఐడీ కార్డు ఇచ్చి రసీదు తీసుకోండి. నో డ్యూస్ (బాకీలేమీ లేవన్న పత్రం), రిలీవింగ్ లెటర్, అనుభవ పత్రం, ఆఖరి మూడు నెలల పే స్లిప్పులు, ఫారం 16 (జీతంలో కోసిన పన్ను పత్రం) ఎప్పుడు పంపుతారో రాతలో అడగండి. వెళ్లిపోయాక పే స్లిప్పుల సైట్ తెరుచుకోదు, ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఫుల్ అండ్ ఫైనల్‌కి, అంటే ఆఖరి లెక్కలు తేల్చి డబ్బివ్వడానికి 45 రోజులు పడుతుందని చెప్పడం మన కంపెనీలకు పాత అలవాటు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినవారికి రావాల్సిన జీతం రెండు పని దినాల్లో ఇవ్వాలి. మర్యాదగా ఆ మాట గుర్తుచేస్తూ ఒక మెయిల్ పెట్టండి. పీఎఫ్ ఖాతాలో ఎగ్జిట్ తేదీ, రిలీవింగ్ లెటర్‌లో తేదీ ఒకటే ఉండాలి. పాత కంపెనీ ఆ తేదీ వేయకపోతే, ఆఖరి జమ పడిన రెండు నెలల తర్వాత మీరే పీఎఫ్ వాళ్ల యూఏఎన్ పోర్టల్లో వేసుకోవచ్చు. పీఎఫ్ డబ్బు తీసేయకండి, కొత్త ఖాతాకి మార్చుకోండి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది.

ఇంకొక్కటి, మీరు అడగలేదు కానీ మీ ప్రశ్న చదువుతుంటే నాకు ముందు తట్టింది ఇదే. అమ్మగారి వైద్యం కంపెనీ ఇన్సూరెన్స్ మీద నడుస్తోందని రాశారు. ఆ కవరేజీ మామూలుగా ఆఖరి పని దినంతోనే ఆగిపోతుంది. కొత్త కంపెనీ పాలసీలో తల్లిదండ్రులు ఉన్నారో లేదో, ఉంటే మొదటి రోజు నుంచేనా, ఇప్పటికే ఉన్న జబ్బుకి వర్తిస్తుందా అని ఆఫర్‌కి ఒప్పుకునేముందే మెయిల్లో అడగండి. గ్రూప్ పాలసీ నుంచి అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మారే వీలు కూడా ఉంటుంది, దానికి పాత కవరేజీ పోకముందే అప్లై చేయాలి. కొత్త కంపెనీ నుంచి జవాబు వచ్చేదాకా లేఖలో ఆ ఆఖరి పని దినం గడి ఖాళీగా ఉంచండి, అమ్మగారికి చేయించాల్సిన పరీక్షలేవైనా ఉంటే ఆ తేదీకి ముందే చేయించేయండి.